ఎస్తేరు గురించి రాసిన మనవరాలికి

తల్లీ,

బైబిల్లోని ఎస్తేరు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. చేతిరాత చక్కగా కుదిరింది గానీ మొదటి పేజీ నిండా ఆమె అందమే ఉంది. పారశీక రాజు అహష్వేరోషు ఆమెను అందం చూసి రాణిని చేసుకున్న మాట నిజమే. షూషను కోటలో అందగత్తెలకు కరువా చెప్పు? ఎస్తేరు మాత్రం తన యూదు జనాన్ని కాపాడమని అడగడానికి, పిలుపు లేకుండా రాజు ముందుకు వెళ్తే చావేనని తెలిసి, మూడు రోజులు పస్తుండి, లోపలి ఆవరణలోకి వెళ్లి నిలబడింది. రాజు బంగారు దండం చాపేదాకా బతుకో చావో తేలదు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. నువ్వేమో దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. అంతకు ముందు రాజు పిలిచినా రానన్న వష్తి రాణినీ ఒక్క మాటతో తోసేశావు. ఆమె అంటే నాకు చాలా గౌరవం.

ఇన్ని వందల ఏళ్లు ఆ పేరు ఎలా నిలిచిందని అడిగావు కదా. ధైర్యం ఒక్కటే చాలదమ్మా. యూదులను ఒక్కరోజులో తుడిచిపెట్టమని రాజు మంత్రి హామాను 127 సంస్థానాలకు తాకీదులు పంపాడు. ఆ గండం గడిచాక ఎస్తేరు ఊరుకోలేదు. తనను పెంచిన మొర్దెకైతో కలిసి ఉత్తరాలు రాయించి, అదారు నెల 14, 15 తేదీలను ఏటేటా పాటించాలని స్థిరపరిచింది. ఆ మాట ఎస్తేరు గ్రంథంలోనే ఉంది, తొమ్మిదో అధ్యాయం చివర చూడు. అందుకే ఈనాటికీ పూరీము పండుగకి యూదులు తోలు మీద చేత్తో రాసిన చుట్ట విప్పి, రాత్రి ఒకసారి, మర్నాడు పగలు ఒకసారి కథంతా చదువుతారు. హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు తిప్పి గోల చేస్తారు. మృత సముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన పాత ప్రతుల్లో హీబ్రూ బైబిలు గ్రంథాలన్నిటివీ ముక్కలైనా ఉన్నాయి, ఒక్క ఎస్తేరుది తప్ప. అయినా ఆ కథ పోలేదు. ఏటా చదివే నోళ్లు ఉన్నాయి మరి.

టెక్కలి, సోంపేటల్లో కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు పనిచేసిన కాలం నుంచీ ఎస్తేరు పేరు మనకీ పాతదే.

ఇక నీ ఆఖరి వాక్యం. అలాంటి స్త్రీలు మన ప్రాంతంలో లేరని రాశావు. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశాను. మందస వైపు సాసుమాన గున్నమ్మ పేరు నువ్వు వినలేదంటే తప్పు నీది కాదు, చెప్పని మా పెద్దలది.

1940 మార్చిలో మన పలాసలోనే అఖిల భారత కిసాన్ సభ జరిగింది. అధ్యక్షత వహించవలసిన రాహుల్ సాంకృత్యాయన్‌ని అంతకు ముందే అరెస్టు చేశారు. ఆ రోజుల్లోనే మందస జమీందారీలో రైతుల గొడవ అడవి కర్ర గురించి. నాగలికీ ఇంటికీ కావలసిన కర్ర మీద హక్కు ఎవరిదన్నది తగవు. రైతులు అడవిలోకి వెళ్లి కర్ర తెచ్చుకున్నారు. వాళ్లను పట్టుకుపోవడానికి పోలీసులు వచ్చారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులకు ఎదురు నిలిచిన జనంలో గున్నమ్మ ముందుంది. కాల్పుల్లో ఆమె, మరికొందరు రైతులు చనిపోయారు. రాజు దండం చాచాడు కాబట్టి ఎస్తేరు బతికింది. గున్నమ్మకి ఎవరూ చాచలేదు.

ఆ ఊళ్లో గున్నమ్మ స్తూపం ఉంది. ఏప్రిల్ 1న తలుచుకుంటారు. అంటే రోజు ఉంది, చోటు ఉంది. లేనిదల్లా పిల్లలు మొదటి నుంచి చివరిదాకా చదువుకునే కథ. అది నువ్వు రాయాలి. అది నా కోరిక.

ఎలాగో చెప్తాను. ‘వీరనారి’ అన్న మాట మొదటి పేజీలో రాయకు. ఆమె ఏ కర్ర కోసం నిలబడిందో ముందు రాయి. హరిపురం బస్సెక్కి వెళ్లి, జీడిపప్పు పొట్టు తీసే ముసలమ్మల పక్కన కూర్చో. గున్నమ్మ గొప్పదా అని అడిగితే గొప్పదే అంటారు, అక్కడితో అయిపోతుంది. అప్పట్లో కర్రకి ఎంత కట్టేవారు, ఎవరికి కట్టేవారు, ఆ రోజు గురించి మీ అమ్మ ఏం చెప్పేది అని అడుగు. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాసుకో, ఎవరు చెప్పారో పక్కన వేసుకో. తుఫానుల్లో ఇళ్లతో పాటు కాగితాలూ పోయిన ప్రాంతం మనది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లే నిలవలేదు, ట్రంకుపెట్టెలు నిలుస్తాయా. అందుకని నోటి మాటే ముందు పట్టుకో.

ఒక్క జాగ్రత్త. పాత దస్త్రాల్లో శ్రీకాకుళం జిల్లా అని వెతికితే దొరకదు. మన జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. గున్నమ్మ చనిపోయేనాటికి మనం విశాఖపట్నం జిల్లాలో ఉన్నాం, 1936కి ముందు గంజాం జిల్లాలో. ఆ పేర్లతో అడుగు.

దసరా సెలవులకి వచ్చేటప్పుడు రాసినంత పట్టుకురా. తేదీలు ఇద్దరం కూర్చుని సరిచూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామ్మ