ఊరి పేరు ఎవరి సొత్తు? స్కాచ్ విస్కీ తగాదా నేర్పే పాఠం

సరుకుతో పాటు ఊరి పేరు కూడా అమ్ముడుపోవడం మన వర్తకులకు తెలియని సంగతి కాదు. మార్కాపురం పలక, గుంటూరు మిరప, బందరు లడ్డు, బనగానపల్లె మామిడి. ఊరి పేరు చెబితేనే సగం బేరం కుదురుతుంది. అయితే ఆ ఊరితో సంబంధం లేని వ్యాపారి ఆ పేరును తన సరుకుపై వేసుకుంటే ఆపే హక్కు ఎవరికి వున్నది? ఎన్నాళ్ళలోగా ఆపాలి? ఈ ప్రశ్నలపై మన దేశపు న్యాయస్థానాలలో ఎక్కువగా వాదోపవాదాలు నడిచినది విస్కీ సీసాల మీద. పలకలు, మిరప, పొగాకు వ్యాపారం చేసే మార్కాపురం, గిద్దలూరు, కంభం వర్తకులకు ఆ తగాదాల నుంచి నేర్చుకోవలసినది కొంత వున్నది.

ముందుగా స్కాచ్ అంటే ఏమిటో చూద్దాం. స్కాట్లండ్‌లో ధాన్యం నుంచి బట్టీ పట్టి, అక్కడే ఓక్ కర్ర పీపాలలో కనీసం 3 సంవత్సరాలు నిల్వ వుంచి, కనీసం 40 శాతం ఆల్కహాలుతో సీసాకెత్తినదే స్కాచ్ విస్కీ. ఆ పేరు ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఆ నిబంధన పాటించే స్కాట్లండ్ ఉత్పత్తిదారులందరిదీ. వారి సంఘమైన స్కాచ్ విస్కీ అసోసియేషన్ ప్రపంచమంతటా ఆ పేరుకు కాపలా కాస్తున్నది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో చాలా భాగానికి చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిటే ఆధారం. అందువల్ల ఇక్కడి సీసాలపై స్కాట్లండ్‌ను గుర్తుకు తెచ్చే మాట, బొమ్మ కనిపించినప్పుడల్లా ఆ సంఘం అభ్యంతరం చెబుతూ వచ్చినది.

ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చిన 'హైలాండ్ చీఫ్' వ్యవహారంలో ఆ సంఘమే గెలిచినది. హైలాండ్ అంటే స్కాట్లండ్‌లోని కొండసీమ. ఆ మాట, దానితో పాటు వేసిన స్కాట్లండ్ వేషధారి బొమ్మ కొనేవారిని పొరపాటు పడేటట్టు చేస్తాయన్నది వాదన. 1990ల తొలి రోజులలో మహారాష్ట్రలోని ప్రవర సహకార చక్కెర కర్మాగారం తన విస్కీ సీసాలపై 'స్కాచ్ కలిపినది' అన్న అర్థం వచ్చే మాటలు వేసుకోగా బొంబాయి హైకోర్టు దానిని అడ్డుకున్నది. 2006లో 'రెడ్ స్కాట్' పేరును ఢిల్లీ హైకోర్టు నిలిపివేసినది. ఈ మూడు తీర్పులు చూచినవారు ఆ సంఘానికి ఓటమి లేదనుకోవచ్చును. కాని ఒకచోట ఓడిపోయినది. మన వర్తకులు గుర్తుంచుకోవలసినది ఆ ఓటమినే.

బెంగుళూరుకు చెందిన ఖోడే సంస్థ 1968లో 'పీటర్ స్కాట్' అనే విస్కీని మార్కెట్టులోకి తెచ్చి, ఆ పేరును ట్రేడ్ మార్కుగా రిజిస్టరు చేయించుకున్నది. ఈ సంగతి స్కాచ్ సంఘానికి 1974లోనే తెలిసినది. రిజిస్ట్రేషను రద్దు చేయమని అర్జీ పెట్టినది మాత్రం 1986లో. మధ్యలో సుమారు 12 సంవత్సరాలు గడిచిపోయినవి. ఈలోగా ఖోడే వారు ప్రకటనలకు ఖర్చు పెట్టుకున్నారు, అమ్మకాలు పెంచుకున్నారు. 1989లో రిజిస్ట్రారు కార్యాలయం స్కాచ్ సంఘం పక్షాన తీర్పు చెప్పినది. మద్రాసు హైకోర్టులోనూ ఆ సంఘానిదే పైచేయి. చివరకు 2008 మే 27న సుప్రీంకోర్టు ఆ తీర్పులను తిరగవేసినది. తెలిసి కూడా అన్నేళ్ళు ఊరకున్నవారు, ఎదుటివాడు వ్యాపారం నిలబెట్టుకున్న తర్వాత వచ్చి అభ్యంతరం చెప్పడం చెల్లదన్నది. స్కాచ్ కొనేవారు చదువుకున్నవారు, స్థోమత గలవారు, తేడా తెలుసుకోగలరు అని కూడా అన్నది.

ఇక్కడ కొనుగోలుదారుని సంగతి గమనించండి. ఖరీదైన సీసా కొనేవాడు లేబిలు చదివి కొంటాడన్నది ఆ వాదన. కాని బడి పిల్లవాడికి పలక కొనే తండ్రి, కిలో మిరపకాయలు కొనే గృహిణి లేబిలు పరిశీలించరు, పేరు విని కొంటారు. అటువంటివారు మోసపోయే అవకాశం ఎక్కువ కనుక వారి సరుకు విషయంలో వాదన మరింత బలంగా నిలబడవచ్చును. ఆలస్యం చేస్తే మాత్రం ఆ బలం కూడా తగ్గిపోతుంది.

ఇక చట్టం సంగతి. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం సరుకు పుట్టిన చోటును మాత్రమే చెప్పే మాటను, దీర్ఘకాల వాడుక వల్ల ప్రత్యేక గుర్తింపు వస్తే తప్ప, ఏ ఒక్కరి ట్రేడ్ మార్కుగానూ రిజిస్టరు చేయరు. ఊరి పేరును ఊరివారందరి కోసం కాపాడడానికి వచ్చినది భౌగోళిక గుర్తింపు చట్టం. ఇది 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో వున్నది. దీని రిజిస్ట్రీ చెన్నైలో వున్నది. సంఘం గాని, ప్రభుత్వ సంస్థ గాని దరఖాస్తు చేయాలి. రిజిస్ట్రేషను 10 సంవత్సరాలకు, ఆపైన పొడిగించుకోవచ్చును. ఆ హక్కును అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీలులేదు. వాడుకోదలచిన వర్తకుడు అధీకృత వినియోగదారుగా విడిగా పేరు నమోదు చేయించుకోవాలి.

ఇందులో మూడు మెలికలు వున్నవి. మొదటిది, సరుకు రకం పేరుగా మారిపోయిన ఊరి పేరుకు రిజిస్ట్రేషను ఇవ్వరు. బొంబాయి రవ్వ అడిగేవాడు అది బొంబాయి నుంచి వచ్చినదా అని విచారించడు గదా. రెండవది, దరఖాస్తు పెట్టక ముందే ఎవరైనా సదుద్దేశంతో ఆ పేరు గల ట్రేడ్ మార్కు వాడుకుంటూ వుంటే అది చెల్లుతుంది. మూడవది, ఉల్లంఘన సంగతి తెలిసిన నాటి నుంచి, లేదా అంతకు ముందే ఎదుటివాని మార్కు రిజిస్టరై ప్రకటన వెలువడి వుంటే ఆ తేదీ నుంచి, 5 సంవత్సరాలు దాటితే, ఎదుటివానికి దురుద్దేశం లేనప్పుడు, దావా నిలవదు. పీటర్ స్కాట్ తగాదాలో కోర్టు చెప్పిన మాటకు ఇక్కడ లెక్క కట్టి పెట్టినట్టున్నది.

సారాయి సరుకుకు మరొక సౌకర్యం కూడా వున్నది. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995 నాటి ఒడంబడిక ప్రకారం వైన్లు, స్పిరిట్ల ఊరి పేర్లకు అదనపు రక్షణ వున్నది. అసలు తయారైన చోటు రాసి, 'ఫలానా తరహా' అని పక్కన చేర్చినా చెల్లదు. పలకలకు, మిరపకు ఆ సౌకర్యం తనంతట రాదు. కొనేవాడు పొరపాటు పడుతున్నాడని రుజువు చేయవలసి వుంటుంది.

సమయానికి ముందుకు వచ్చినవారికి ఫలితం దక్కినది. గోవా బట్టీదారులు 2009లో ఫెనీకి భౌగోళిక గుర్తింపు సంపాదించుకున్నారు. అయితే అది జీడిమామిడి పండు ఫెనీకే. కొబ్బరి కల్లు నుంచి తీసే ఫెనీ ఆ రిజిస్ట్రేషనులోకి రాలేదు. దరఖాస్తులో ఏది రాస్తే దానికే రక్షణ. పిస్కో అనే ద్రాక్ష సారాయి మీద పెరూ, చిలీ దేశాలు మన దేశంలోనే సంవత్సరాల తరబడి పోరాడాయి. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఆ పేరు ఒక్కరికే చెందదని, ఎవరి దేశం పేరు వారు ముందు చేర్చుకోవాలని చెప్పినది.

గుంటూరు సన్నం మిరపకు 2010లో స్పైసెస్ బోర్డు పేరిట గుర్తింపు వచ్చినది. ఆ రకం పంట ప్రకాశం జిల్లాలోనూ వున్నది. కనుక మన మిరప వర్తకులు ఆ పేరు వాడదలిస్తే అధీకృత వినియోగదారులుగా చేరడం మంచిది.

పలకల సంగతికి వద్దాం. మార్కాపురం రాయి ఒకప్పుడు బడి పలకగా దేశమంతటా పోయినది. ఇప్పుడు గోడలకు, గచ్చుకు వేసే బిళ్ళలుగా విదేశాలకు కూడా పోతున్నది. రేపు వేరేచోటి రాయి మార్కాపురం పేరుతో ఓడ ఎక్కితే, నష్టం ఇక్కడి గని యజమానికీ, కోత మిల్లుకూ, పలకకు చట్రం బిగించే కూలికీ కూడా. అటువంటి రోజున కోర్టులో నిలబడేవి కాగితాలే. పాత ఇన్వాయిసులు, ఎగుమతి బిల్లులు, లేబిళ్ళు, ప్రకటనలు పారవేయకుండా తేదీల వారీగా దాచాలి. ఏ గుట్ట రాయి, ఏ మందం, ఏ రంగు అన్న ప్రమాణాన్ని సంఘం తీర్మానించి రాసి పెట్టుకోవాలి. సొంత మార్కా వున్నవారు దానిని ట్రేడ్ మార్కుగా విడిగా రిజిస్టరు చేయించుకోవాలి. పేరు దుర్వినియోగం కంటబడిన రోజునే తేదీ వేసి నోటీసు పంపాలి.

ఇవన్నీ ఒక్క వర్తకుడి వల్ల అయ్యే పనులు కావు. వచ్చే సంఘ సమావేశంలో ధరవరలు, రైల్వే కిరాయిలతో పాటు ఈ సంగతిని కూడా చర్చకు పెట్టుకోవడం మేలు.