కంపెనీ స్టీరియో ఉండనివ్వండి, ముందు డోర్లు చూడండి

కూర్మన్నపాలెం నుంచి గాజువాక మీదుగా ఊళ్లోకి వస్తుంటే పక్కన కంటెయినర్ లారీలు, కింద హైవే హోరు. కారులో సౌండు పెంచితే పాట చీలిపోతుంది, తగ్గిస్తే మాట మునిగిపోతుంది. విసుగొచ్చి కార్ డెకార్ షాపుకి వెళ్తే వినబడే మాట ఒకటే: "ఈ కంపెనీ స్టీరియోతో పనవదు సార్, మొత్తం మార్చేద్దాం." పెద్ద తెర, ఆంప్లిఫయర్, డిక్కీలో సబ్‌వూఫర్. చూస్తుండగానే బిల్లు నలభై యాభై వేలకు చేరుతుంది.

ఆగండి. పర్సు తీసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. లోపం నిజంగా ఎక్కడుంది? చదువు ఎక్కడం లేదని కోచింగ్ సెంటర్ మార్చేసే కుర్రాళ్లు, పని నచ్చడం లేదని ఏడాదికో ఉద్యోగం మారేవాళ్లు తప్పటడుగు వేసేది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. వెతకడం కష్టం, మొత్తం మార్చేయడం తేలిక. అందుకే మార్చేస్తారు.

మామూలు ధర కార్లలో ఎక్కువగా కోత పడేది స్పీకర్ల మీద. పల్చటి కాగితం కోన్, చిన్న అయస్కాంతం, ప్లాస్టిక్ చట్రం. స్టీరియో మాత్రం చాలావరకు బాగానే ఉంటుంది. పైగా స్టీరింగ్ మీది బటన్లు, రివర్స్ కెమెరా, ఫోన్ కాల్స్ దానితో ముడిపడి ఉంటాయి. దాన్ని పీకితే ఇవన్నీ మళ్లీ అతికించుకోవాలి.

ఆ స్టీరియో బలమెంతో తెలుసుకుందాం. పెట్టె మీద 50×4 వాట్లని రాసి ఉన్నా అది క్షణకాలం చేరే గరిష్ఠం. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండే 14 వోల్టుల కరెంటుతో, 4 ఓమ్‌ల స్పీకర్‌కి, ధ్వని చెదరకుండా అది నిలకడగా ఇవ్వగలిగేది చానల్‌కి 15 నుంచి 20 వాట్లు. ఆర్‌ఎంఎస్ అనేది ఈ నిలకడ లెక్కే. స్పీకర్ అట్టపెట్టె మీద 300 వాట్లు, 500 వాట్లు అని పెద్ద అక్షరాలు కనబడితే పట్టించుకోకండి. మనిషిని అంచనా వేసేటప్పుడూ రెజ్యూమెలోని గొప్పలు పక్కనపెట్టి, రోజూ ఎంత పని చేస్తాడో అడగండి.

ఈ 20 వాట్లు చాలుతాయా? వాటిని వృథా చేయని స్పీకర్ దొరికితే చాలుతాయి. అందుకే షాపులో మొదట అడగాల్సింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో చెప్పే అంకె అది. 87 ఉన్న స్పీకర్ బదులు 90 ఉన్నది పెట్టారనుకోండి. ఆ మూడు డెసిబెల్స్ తేడా ఆంప్లిఫయర్ బలాన్ని రెట్టింపు చేసినదానితో సమానం, అదీ ఆంప్లిఫయర్ కొనకుండానే! ఓమ్‌లు మాత్రం మీ స్టీరియోకి చెప్పినదానికన్నా తగ్గకూడదు. తగ్గితే స్టీరియో లోపలి ఐసీ వేడెక్కిపోతుంది.

ఉన్నదాన్ని ఉంచి బలం పెంచడమెలాగో మన ఊరికి ఇంకెవరూ నేర్పక్కర్లేదు. విశాఖ ఉక్కులో మొదట గోదావరి, కృష్ణ అనే రెండు బ్లాస్ట్ ఫర్నేసులతో సామర్థ్యం ఏడాదికి 30 లక్షల టన్నులు. మూడో ఫర్నేసు అన్నపూర్ణ వచ్చాక అది 63 లక్షలైంది. ఆ తర్వాత నాలుగో ఫర్నేసు కట్టలేదు. గోదావరిని, కృష్ణను ఒకదాని తర్వాత ఒకటి ఆపి, లోపలి పరిమాణాన్ని 3,200 ఘనపు మీటర్ల నుంచి 3,800కు పెంచారు. సామర్థ్యం 73 లక్షల టన్నులకు చేరింది. ఇరుకు ఎక్కడుందో చూసి అక్కడ ఖర్చుపెట్టిన ఇంజనీర్ల పని అది. మీ కారు డోరు దగ్గరా అదే బుద్ధి చాలు.

డోరు అంటున్నానే, అసలు విషయం అక్కడుంది. స్పీకర్ కోన్ ముందుకి కదిలి గాలిని ఎలా తోస్తుందో, వెనక్కి కదిలీ అలాగే తోస్తుంది. డోరు లోపలి రేకుకున్న పెద్ద పెద్ద కన్నాల్లోంచి వెనక ధ్వని వచ్చి ముందు ధ్వనిని కొట్టేస్తుంది. మొదట పోయేది బేస్. కాబట్టి కన్నాలను మూసి, బయటి రేకుకి లోపలివైపు బ్యుటైల్ డ్యాంపింగ్ షీట్ అతికించండి. అదురు తగ్గుతుంది, రోడ్డు హోరూ కొంత తగ్గుతుంది. సబ్‌వూఫర్ కావాలనుకున్నవాళ్లు చాలామంది దీని తర్వాత ఆ ఊసెత్తరు.

ఒక జాగ్రత్త. అద్దం మీద పడ్డ వాన డోరులోకే దిగి, అడుగున చిన్న కన్నాల్లోంచి బయటికి పోతుంది. వాటిని మూసేస్తే నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. విశాఖలో ఉప్పుగాలి చేసే పని చాలు, మనం తోడు కానక్కర్లేదు. అందుకే ఇక్కడ కాగితం కోన్ కన్నా పాలీప్రొపిలీన్ కోన్ మేలు. స్పీకర్ కింద వేసే రింగు ఎండీఎఫ్ చెక్కదైతే తేమకి ఉబ్బుతుంది, ప్లాస్టిక్‌ది అడగండి. అద్దం పూర్తిగా దించినప్పుడు స్పీకర్ వెనక భాగం తగలకుండా లోతు కొలిపించండి.

వైర్లు కత్తిరించనివ్వకండి. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ పెట్టమనండి, రేపు పాత స్పీకర్లు పెట్టాలన్నా రెండు నిమిషాల పని. ప్లస్, మైనస్ తారుమారైతే ఒక డోరు తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, బేస్ మాయమవుతుంది. ఒకటిన్నర వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి కదలాలి. కదిలితే సెల్లు ప్లస్ తాకిన కొసే స్పీకర్ ప్లస్.

పదివేలు పెట్టగలిగితే, ఆరువేలు ముందు డోర్ల కాంపొనెంట్ సెట్‌కి (వూఫర్, ట్వీటర్ విడివిడిగా ఉండేది), మిగతాది షీట్లకి, కప్లర్లకి, కూలికి. వెనక స్పీకర్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాట మనకి ఎదురుగా వినబడాలి. స్నేహితుడి కారు డిక్కీ ఎంత అదురుతోందన్నది మీ లెక్కలోకి రానక్కర్లేదు. ఒకసారికి ఒకటే మార్చి కొన్నాళ్లు వినండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది ఫలించిందో ఎప్పటికీ తెలియదు. అప్పటికీ చాలకపోతే స్పీకర్ వైర్లనుంచే సిగ్నల్ తీసుకునే చిన్న ఆంప్లిఫయర్లు దొరుకుతాయి. అప్పుడు కూడా కంపెనీ స్టీరియో ఉన్నచోటే ఉంటుంది.

ఈ ఆదివారం బండి ఓ పక్క ఆపి, బేస్, ట్రెబుల్ సున్నాకి తెచ్చి, మీకు కంఠతా వచ్చిన పాట ఒకటి వినండి. గొంతు చీలుతోందా, బేస్ లేదా, డోరు అదురుతోందా, కాగితం మీద రాసుకోండి. షాపుకి ఆ కాగితంతో వెళ్లి, అందులో ఉన్నంతవరకే చేయించుకోండి.