అద్దం వెనుక కథ

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో నేను చూసిన 19వ శతాబ్దపు ఫ్రెంచి కొయ్యశిల్పం ఒకే దుంగలో చెక్కింది. ముందు గర్వంగా మెఫిస్టోఫిలిస్, వెనుక తలొంచుకున్న మార్గరెటా. వెనకాల నిలువుటద్దం ఉండబట్టే ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు.

మరి అద్దానికి మెరుపెలా వస్తుంది? పూర్వం గాజు వెనుక తగరపు రేకు, పాదరసం కలిపి పూసేవారు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకు చేతులు వణికేవి, పళ్లు ఊడేవి. 1835లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్, ఆల్డిహైడ్ కలిపితే వెండి లవణం నుంచి గాజుపై వెండిపొర ఏర్పడుతుందని గమనించాడు. ఇంటర్ ల్యాబ్‌లో మనం చేసే టాలెన్స్ పరీక్ష అదే! ఆ దారిలోనే పాదరసం తప్పుకుంది.

మన నంద్యాల పక్కనే ఆళ్లగడ్డ శిల్పుల ఉలి కింద రాతిధూళి లేస్తుంది. అదీ ఊపిరితిత్తులకు చేటే. పాదరసానికి కెమిస్ట్రీ జవాబు చెప్పింది. ఈ ధూళికి జవాబు చెప్పాల్సింది ఇంజనీరింగే, అంటే మనమే కదా!