జర్మనీ నగరములలో మేము చూచిన జీవనము

విదేశమునకు పోయి వచ్చినవారిని మన పేటలో అందరు మొదట అడుగునది అచ్చటి మేడలను గూర్చియు, రైళ్ల వేగమును గూర్చియు. మేము జర్మనీలోని కొన్ని నగరములు చూచి వచ్చితిమి. మేడలును రైళ్లును గొప్పవే. కాని నేతపనిచే జీవించుచు, మహారాష్ట్రమున తెలుగు నిలుపుకొనుచున్న కుంభారి తల్లిదండ్రులకు అంతకంటె ముఖ్యమైనవి కొన్ని అచ్చట కనబడినవి. వానినే ఇచ్చట వ్రాయుచున్నాము.

నేతగాండ్ర నగరము

దక్షిణ జర్మనీలో ఆగ్స్‌బర్గు అను ప్రాచీన నగరము కలదు. 1367లో హాన్స్ ఫుగ్గర్ అను నేతగాడు సమీప గ్రామము విడిచి బ్రదుకుతెరువునకై ఈ నగరము చేరెను. తెలంగాణమునుండి మన పూర్వులు మగ్గమును నమ్ముకొని షోలాపురము చేరినట్లే యనవచ్చును. అవిసె నార పడుగుగా, ప్రత్తి నూలు పేకగా నేసిన బట్ట అచ్చటి ప్రధానమైన సరకు. హాన్స్ మనుమడు యాకోబు ఫుగ్గర్ ఐరోపాలోని మహా ధనికులలో ఒకడయ్యెను. అతడు 1521లో పేద పనివారికై ‘ఫుగ్గరై’ అను వాడ కట్టించెను. ఐదువందల యేండ్లు గడచినను ఆ వాడలో నేటికిని పేదలే నివసించుచున్నారు. ఒక్కొక్క యిల్లు సుమారు అరువది చదరపు మీటర్లు. సంవత్సరమునకు అద్దె ఒక యూరో కంటె తక్కువ. నాడు నిర్ణయించిన ఒక గిల్డరు నాణెపు విలువనే నేటికిని తీసికొనుచున్నారు. 1944లో బాంబులచే ఈ వాడ చాల భాగము కూలిపోగా మరల పూర్వరూపముననే కట్టుకొనిరి. తలుపుల ప్రక్కనున్న గంట పిడులు ఒకదానివలె నొకటి యుండవు. వీథి దీపములు లేని దినములలో చీకటియందు చేతితో తడిమి ఎవరి యిల్లు వారు గుర్తించుటకై అట్లు చేసిరని చెప్పుదురు.

మన కుంభారిలోను 2006లో బీడీ కార్మికులకు గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల యిండ్లు వచ్చినవి. 2024 జనవరిలో రే నగర్‌లో పదునైదు వేల యిండ్లు కార్మికులకు ఇచ్చిరి. ఇండ్ల సంఖ్యలో మనదే పెద్దది. కాని ఇల్లు కట్టుట యొక దినపు సంగతి, నిలుపుకొనుట తరతరముల సంగతి. ఫుగ్గరైని చూచినపుడు మాకు తోచినది ఇదే.

ఆగ్స్‌బర్గు నేతగాండ్రకును కష్టములు లేకపోలేదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర తూర్పు ఇండియానుండి చౌకగా వచ్చిన నూలు బట్టలవలన తమ మగ్గములు ఆగిపోవుచున్నవని వారు అలజడి చేసిరి. 1794లో అది తీవ్రరూపము దాల్చెను. ఒక దేశపు నేతగాని కూడు మరియొక దేశపు నేతగాని కూటితో ముడిపడి యున్నదని దీనివలన తెలియును. అచ్చటి పెద్ద మిల్లులును తుదకు మూతబడినవి. అట్టి యొక మిల్లులో 2010లో వస్త్ర పరిశ్రమ ప్రదర్శనశాల తెరచి, పాత మగ్గములను నడిపి పిల్లలకు చూపుచున్నారు. షోలాపురమునను పెద్ద మిల్లులు మూతబడినవి. మన పిల్లలలో ఎందరు ఆ మిల్లుల చరిత్ర నెఱుగుదురు?

వీథి మర్యాద

అచ్చట నగర రైళ్ల యొద్ద అడ్డుగేట్లు లేవు. టిక్కెట్టు కొనుట ప్రయాణికుని బాధ్యత. తనిఖీలో లేకున్నచో అరువది యూరోల జరిమానా. నీళ్ల సీసాకు ముందే ఇరువదియైదు సెంట్లు ధరావతు కట్టి, ఖాళీ సీసా తిరిగి ఇచ్చినపుడు పుచ్చుకొందురు. అందుచే వీథిలో సీసాలు అరుదు. రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట ఇరుగుపొరుగునకు వినబడునట్లు చప్పుడు చేయరాదు. ఆదివారము అంగళ్లలో పెక్కు మూసియుండును. ఆ విశ్రాంతికి రాజ్యాంగమే రక్షణ యిచ్చుచున్నది.

అన్నియు మంచియే యని మేమనము. నూటికి సుమారు నలుబది గృహములలో ఒక్కరే నివసింతురు. సాయంకాలము కిటికీ యొద్ద ఒంటిగా కూర్చున్న వృద్ధులను చూచినపుడు మన వాకిటి అరుగులు జ్ఞప్తికి వచ్చినవి.

పనియు, చదువును

అచ్చట చేతిపనికి చిన్నతనము లేదు. పదునారు, పదునేడేండ్ల బాలుడు వారములో ఒకటి రెండు దినములు వృత్తి పాఠశాలకు, మిగిలిన దినములు కార్ఖానాకు పోవును. రెండేండ్లనుండి మూడున్నర యేండ్లు ఈ శిక్షణ సాగును. శిక్షణ కాలముననే భత్యము దొరకును. తుదిని పరీక్ష, యోగ్యతాపత్రము కలవు. 1969లో దీనికి చట్టము చేసిరి. మన చద్దరు నేయు జకార్డు మగ్గమునకు లెక్క, గీతపని, యంత్రజ్ఞానము మూడును కావలయును. తండ్రికి చేతిలో నున్న విద్య కుమారునకు పుస్తకములోను దొరకిననాడు మగ్గమన్న సిగ్గు పోవును.

ఇంటి భాష

తూర్పున బౌట్సెన్ నగరమున వీథి పేర్లు రెండు భాషలలో కనబడినవి. రెండవది సోర్బు భాష. సుమారు అరువది వేలమంది సోర్బులు వేయి యేండ్లకు పైగా జర్మనుల నడుమ తమ భాషను కాపాడుకొనుచున్నారు. 1912లో ‘దొమొవినా’ అను సంఘము స్థాపించుకొనిరి. 1937లో నాజీలు దానిని నిషేధించిరి. యుద్ధానంతరము 1947లో సోర్బు ఉన్నత పాఠశాల, 1948లో వారి హక్కులకు చట్టము వచ్చినవి. అయినను మాటలాడువారు తగ్గుచునే యున్నారు. బొగ్గు గనులకై ఊళ్లు తీసివేయుట యొక కారణము. తల్లిదండ్రులు పిల్లలతో జర్మను భాషయే మాటలాడుట మరియొకటి. అందుచే 1998నుండి శిశువిహారములలోనే సోర్బు భాష నేర్పు ఏర్పాటు ఆరంభించిరి.

మనకును హక్కులు తక్కువ లేవు. రాజ్యాంగపు 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు పాఠశాలలు నడుపు హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక విద్య మాతృభాషలో నందించుటకు తగిన వసతులు కల్పింపుమని రాష్ట్రములను కోరినది. కాని ఇంటిలో పలుకని భాషను చట్టము పలికింపజాలదు. ఉద్యోగమునకు మరాఠీ, ఇంగ్లీషు తప్పక రావలయును. వానికై తెలుగు మానవలసిన పని లేదు. బౌట్సెన్ పిల్లలు రెండు భాషలును చదువుచున్నారు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు అను మాటలు మన పిల్లలకు మీ నోటనే రావలయును. రాత్రి భోజనానంతరము అరగంట తెలుగు వాచకము బిగ్గరగా చదివింపుడు. చదువురాని తల్లియైనను వినుచు కూర్చుండవచ్చును. మీ తాతలు ఏ యూరినుండి, ఏల వచ్చిరో చెప్పుడు. పాఠశాల అక్షరములు నేర్పగలదు. వానికి ప్రాణము పోయవలసినది ఇల్లే.