గోడలో పగిలిన పైపు, చేతిలో ఉన్న పాలసీ

హనుమకొండ

శ్రావణికి,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను బిడ్డా. హైదరాబాద్ కొత్తగూడలో ఆ ఫ్లాటు కొనడానికి మీరిద్దరూ ఎంత కూడబెట్టారో నాకు తెలుసు. గోడలో పైపు పగిలి, కొన్న ఇల్లు కళ్లముందే తడిసిపోతుంటే మనసు ఎట్లుంటుందో కూడా తెలుసు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నా. ఇన్నేళ్లు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా ఇళ్ల నష్టాలు లెక్కగట్టినవాణ్ణి. క్లెయిమ్ పెట్టాక మీ ఇంటికొచ్చే సర్వేయర్ ఏం చూస్తాడో నీకు ముందే తెలియాలి.

మొదట పాలసీ తీసి చదువు. లోనుతో పాటు బ్యాంకువాళ్లు కట్టించారన్నావు. అట్లా కట్టించేవాటిలో కొన్ని మనిషికేమైనా అయితే బాకీ తీర్చే జీవిత బీమాలే. వాటికీ పగిలిన పైపుకీ సంబంధం లేదు. నీది ఇంటి పాలసీయే అయితే, పైన 'భారత్ గృహ రక్ష' అని ఉందేమో చూడు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే షరతులతో ఈ పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అగ్నిప్రమాదం, వరద, భూకంపం వంటి వాటితో పాటు నీళ్ల ట్యాంకులు, పైపులు పగిలినా పొంగిపొర్లినా జరిగే నష్టం కూడా అందులో ఉంది. ఇంటికి తీసుకుంటే సామానుకు కూడా దానంతటదే రక్షణ వస్తుంది: ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. నీ వార్డ్‌రోబ్, మంచం, పరుపు సంగతి చాలామంది అడగనే అడగరు. నువ్వు అడుగు.

ఇక అసలు చిక్కు. పాలసీ డబ్బిచ్చేది హఠాత్తుగా పగిలినదానికి. నెలల తరబడి సన్నగా కారి గోడను నానబెట్టినదానికి ఇవ్వరు. అది అరుగుదల, ఇంటి యజమాని చూసుకోవాల్సిన పని అంటారు. ఇంటి నీళ్ల క్లెయిముల్లో గొడవంతా ఇక్కడే. సర్వేయర్ వచ్చి గోడనే చదువుతాడు. కొత్త మరక ఒకే రంగులో, ఒకే అంచుతో ఉంటుంది. పాత మరకలో గోధుమరంగు అంచులు ఒకదాని చుట్టూ ఒకటి కనబడతాయి, ఆరిన ప్రతిసారీ ఒక అంచు మిగులుతుంది. పెయింటు కింద తెల్లటి ఉప్పు పొర పొంగినా, వార్డ్‌రోబ్ వెనక ప్లైవుడ్ నల్లబడి వేలితో నొక్కితే పొడి రాలినా, అది ఒక్క రాత్రిలో జరిగింది కాదని అతనికి అర్థమైపోతుంది. నీ ఫోటోల్లో పడకగది గోడ మరక కొత్తదే. బాత్రూం తలుపు చౌకట్టు దగ్గర మాత్రం కొంచెం పాత చెమ్మ ఉన్నట్టుంది. అది దాచకు. ఆ మూల పాతదని, మిగతా నష్టం ఆ రాత్రి పైపు పగిలినందువల్ల వచ్చిందని విడదీసి చెప్పు. ఒక్క అబద్ధం దొరికితే నిజమైన నష్టాన్ని కూడా నమ్మరు.

కాబట్టి సర్వేయర్ వచ్చేదాకా పెయింటర్‌ను పిలవొద్దు, ఉబ్బిన చెక్కను పారేయొద్దు. అట్లాగని నీళ్లు పారనివ్వమని కాదు. వాల్వ్ కట్టేయించి నష్టం పెరగకుండా చూడటం నీ బాధ్యత, పాలసీ కూడా అదే చెబుతుంది. ప్లంబర్ టైలు పగలగొట్టేటప్పుడు వీడియో తియ్యి. గోడలో ఉన్నది సీపీవీసీ పైపు కదా, ఎక్కువగా ఎల్బో దగ్గర చీలుతుంది, లేదంటే సొల్యూషన్ సరిగ్గా పూయని చోట అతుకు ఊడిపోతుంది. కోసి తీసిన ఆ ముక్కను కవర్లో వేసి తేదీ రాసి ఉంచు. కోర్టు దాకా వెళ్లినా ఆ జానెడు ముక్కను మించిన సాక్ష్యం ఉండదు. ప్లంబర్ బిల్లు మీద 'లీకేజీ రిపేరు' అని ఊరికే రాస్తే ఒప్పుకోకు. ఎక్కడ, ఏ జాయింటు, ఎట్లా పగిలిందో రాయించుకో.

కంపెనీకి ఈ రోజే మెయిల్ పెట్టు, క్లెయిమ్ నంబరు తీసుకో. 2024 నాటి ఐఆర్‌డీఏఐ ఆదేశాల ప్రకారం కబురందిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో రిపోర్టు తెప్పించుకోవాలి, అది అందిన 7 రోజుల్లో తేల్చాలి. కాదంటే కారణం రాతలో అడుగు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లు. ఏడాది లోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఆఫీసు మీకు దగ్గర్లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది, కానీ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో ఇంట్లోంచే ఫిర్యాదు పెట్టొచ్చు.

ఇంకోటి. ఫ్లాటు మీ చేతికొచ్చి ఐదేళ్లు కాలేదు కదా. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం పనితనంలో లోపమైతే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అతుకు సరిగ్గా వేయకపోతే అది పనితనంలో లోపమే. బిల్డర్‌కు కూడా ఒక ఉత్తరం పెట్టు. ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు మాత్రం తీసుకోకు.

కింది ఫ్లాటువాళ్ల సీలింగ్ కూడా తడిసిందన్నావు. వాళ్ల నష్టం నీ మామూలు పాలసీలో రాదు, దానికి విడిగా కవరు ఉండాలి. వాళ్లకు సొంత ఇంటి పాలసీ ఉంటే వాళ్లు దాని మీద క్లెయిమ్ చేసుకోవచ్చు. ఈ రాత్రే దిగి వెళ్లి మాట్లాడు, వాళ్ల సీలింగ్ ఫోటోలు కూడా తేదీతో తీసి ఉంచమను. పాలసీ షెడ్యూల్ పేజీ నాకు వాట్సాప్‌లో పంపు, సర్వేయర్‌కు ఇచ్చే కాగితం మనిద్దరం కలిసి రాద్దాం.

నీ మామయ్య