వాతావరణ ఒప్పందాలు – మన ఆటోనగర్

దేశాల మధ్య జరుగు చర్చలు మనకు సంబంధించినవి కావని తలచుట పొరపాటు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టువారు, ఇంజన్లు విప్పి బిగించువారు, విడిభాగాలు అమ్మువారు ఎందరో కలరు. వారి జీవనం అధికభాగం డీజిల్ ఇంజనుపై ఆధారపడినది. ఆ ఇంజనునే క్రమంగా తగ్గించవలెనని ప్రపంచం యోచించుచున్నది. కనుక ఈ ఒప్పందాల భారం ఎవరిపై పడునో విద్యార్థులు తెలిసికొనవలెను.

బొగ్గు, చమురు మండినపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరి శతాబ్దాలపాటు భూమి వేడిని పట్టి ఉంచును. ఇప్పటివరకు పేరుకొనిన దానిలో పెద్ద వాటా ముందుగా పారిశ్రామికమైన దేశాలది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదు. అందువలన కురిసినపుడు కుంభవృష్టి కురియు అవకాశం పెరుగును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినది. ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయినది. ఒక్క వరదకు భూతాపమొక్కటే కారణమని చెప్పజాలము; గట్లు, ఆక్రమణలు, కాలువల నిర్వహణ కూడ కారణములే. కాని ముప్పు పెరుగుచున్నదనుట సత్యం.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనది. ఆ మరుసటి సంవత్సరమే రియోలో వాతావరణ ఒడంబడికపై సంతకాలు జరిగినవి. బాధ్యత అందరిదైనను, భారం ఒక్కటిగా ఉండరాదనునది దాని మూలసూత్రం. భారతదేశం నేటికిని ఈ సూత్రమునే పట్టుకొని వాదించుచున్నది. 1997 నాటి క్యోటో ఒప్పందం ధనిక దేశాలకే పరిమితులు విధించినది. 2015 నాటి పారిస్ ఒప్పందం ప్రతి దేశం తన లక్ష్యమును తానే నిర్ణయించుకొను పద్ధతిని తెచ్చినది. 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేయుదుమని భారతదేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించినది.

అయితే దేశాల బలాబలాలు మారినపుడు మాటలు కూడ మారుచున్నవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వలన రష్యా గ్యాసు తగ్గగా, జర్మనీ మూలపడిన బొగ్గు విద్యుత్ కేంద్రాలను తిరిగి నడిపినది. అమెరికా 2020లో పారిస్ ఒప్పందమును వీడి, 2021లో తిరిగి చేరి, 2025 జనవరిలో మరల వైదొలగుటకు నిర్ణయించినది. ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూర్చుదుమని ధనిక దేశాలు 2009లో చేసిన వాగ్దానం 2020 నాటికి నెరవేరవలసియుండగా, 2022లో గాని నెరవేరలేదు. 2024లో బాకూ సభ 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లని నిర్ణయించగా, అది చాలదని భారత ప్రతినిధి సభలోనే అభ్యంతరం తెలిపిరి.

ఇక ఆటోనగర్ విషయం. విద్యుత్ వాహనంలో పిస్టన్ లేదు, డీజిల్ పంపు లేదు, సైలెన్సరు లేదు. ఇరువది యేండ్లు ఉస్తాదు వద్ద నేర్చిన పనికి అక్కడ చోటు తక్కువ. పారిస్ ఒప్పందపు పీఠికలో శ్రామికులకు న్యాయమైన పరివర్తన కలుగవలెనను మాట కలదు. 2025లో బ్రెజిల్ నగరమగు బెలేంలో జరిగిన సభ అందుకొక యంత్రాంగమును ఏర్పరచుటకు అంగీకరించినది. ఆ మాట కాగితమును దాటి షెడ్డులోనికి రావలెనన్నచో బ్యాటరీ, మోటారు, కంట్రోలరు పనులలో శిక్షణయు, పనిముట్లకు సులభ ఋణమును కావలెను. ఇవి లేని పరివర్తన పెద్ద కంపెనీలకు లాభం, చిన్న షెడ్డుకు తాళం.

విద్యార్థులారా! మనలో అనేకుల ఇండ్లలో పొయ్యి వెలుగుట ఆ షెడ్లవలననే. సైన్సు విద్యార్థి విద్యుత్ మోటారును, కామర్సు విద్యార్థి ఋణ పథకాలను, చరిత్ర విద్యార్థి ఒప్పందాలను చదివి, ఉస్తాదులకు వారి భాషలో, ఉర్దూలోను తెలుగులోను, తెలియజెప్పవలెను. కళాశాల కమిటీవారు సంవత్సరమునకొకసారి ఇట్టి సమావేశమునకు తావిచ్చిన ఎంతయు మేలు. హక్కును ఎరిగినవాడే దానిని అడుగగలడు.