ఇంటి విలువ – సామాన్యుని స్థోమత

ఇండ్ల ధరలు తగ్గినచో పేదవానికి ఇల్లు సులభముగా దొరుకునని సాధారణముగా భావింతుము. ఆర్థికశాస్త్ర దృష్టితో చూచిన ఈ భావన పూర్తిగా సరియైనది కాదు. ఇంటి విలువ వేరు, దానిని భరింపగల స్థోమత వేరు.

తెలంగాణములోని కాగజ్‌నగర్‌ను పరిశీలింతము. ఉర్దూలో కాగజ్ అనగా కాగితము. నిజాం కాలమున 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లే ఆ పట్టణమునకు పేరును, బ్రతుకుతెరువును ఇచ్చినది. 2014లో ఆ మిల్లు మూతపడినది. 2018లో జె.కె. పేపర్ సంస్థ దానిని స్వాధీనపరచుకొన్న పిమ్మట ఉత్పత్తి మరల ఆరంభమైనది.

ఇట్టి పట్టణములో కార్మికుని స్థితిని ఒక ఊహాలెక్కతో గ్రహింపవచ్చును. నెలకు 10,000 రూపాయల జీతములో అద్దె 3,000 అయినచో అది 30 శాతము. మిల్లు మూతపడి, రాబడి 4,000కు, అద్దె 2,000కు దిగినదనుకొందము. అద్దె తగ్గినది, భారము మాత్రము 50 శాతమైనది. మిల్లు తెరచిన తరువాత జీతము పూర్వపు 10,000కే చేరి, అద్దె 4,000కు పెరిగినచో భారము 40 శాతము. అనగా ఇల్లు గలవానికి లాభించిన పునరుద్ధరణ, అద్దెకున్నవానిని పూర్వస్థితికైనను చేర్చలేదు.

మన మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు ప్రసిద్ధము. అచ్చట అనేకుల మగ్గములు ఇంటిలోనే ఉన్నవి. అద్దె భరింపలేక ఇల్లు విడిచిన నేతకారుడు నీడతోపాటు పని చేసుకొను చోటును కూడ కోల్పోవును. కావున పట్టణాభివృద్ధిని ఇండ్ల ధరలతో కాక, శ్రమజీవి రాబడిలో అద్దె ఎంత భాగమో చూచి కొలువవలెను. విద్యార్థులు తమ వీధిలోని నాలుగు కుటుంబములను అడిగి ఈ లెక్క వేసి చూచినచో, పాఠ్యపుస్తకములోని సూత్రము కంటికి కనబడగలదు.